పరువు కంటే ప్రాణం ముందు

ప్రతి సంవత్సరం జూన్ 26న మాదకద్రవ్యాల వ్యతిరేక దినం జరుపుకుంటున్నాం. 1987లో ఐక్యరాజ్యసమితి నిర్ణయించిన దినమిది. ఆ రోజున మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ వీధుల్లో విద్యార్థులు అట్టలు పట్టుకుని ప్రదర్శనగా నడుస్తారు. అధికారులు ప్రతిజ్ఞ చేయిస్తారు. ఆ వారం జుమా ప్రసంగాల్లో ఇమాములు మత్తు గురించి హెచ్చరిస్తారు. ఇవన్నీ అవసరమైనవే. వద్దని చెప్పేవారికి మన సమాజంలో ఎన్నడూ కొరత లేదు. అయితే వద్దన్నా వినక ఇప్పటికే ఆ ఊబిలో దిగిన బిడ్డ, ఒక అర్ధరాత్రి ఇంట్లో స్పృహ తప్పి పడిపోతే ఏమి చేయాలో తల్లిదండ్రులకు చెప్పేవారే కరవయ్యారు. ఆ రాత్రి గురించే ఈ సంపాదకీయం.

గంజాయి మన దిగువ కృష్ణా డెల్టాలో పండే పంట కాదు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో పండి, బస్సులలో, రైళ్లలో, లారీలలో కిందికి దిగి వస్తుంది. 2021 చివరలో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట వేల ఎకరాల గంజాయి తోటలను పోలీసులు నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి సమీపంలో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి తగులబెట్టారు. 2024 నవంబరులో ‘ఈగల్’ పేరుతో రాష్ట్రంలో ప్రత్యేక పోలీసు విభాగమే ఏర్పడింది. ఇంత జరిగినా సరుకు రాక ఆగలేదు. గంజాయికి తోడు వైద్యుని చీటీ లేకుండా కొనే నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు, దగ్గు మందులు ఉన్నాయి. పిల్లల చేతికి సులభంగా దొరికే వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ కూడా ఉన్నాయి.

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు దేశవ్యాప్తంగా సర్వే జరిపి 2019లో నివేదిక ఇచ్చారు. దాని ప్రకారం గంజాయి, భంగు వంటివి వాడేవారు దేశంలో సుమారు 3.1 కోట్ల మంది. నల్లమందు జాతి మత్తులు వాడేవారు 2 కోట్లకు పైనే. సూదితో మత్తు ఎక్కించుకునేవారు సుమారు 8.5 లక్షలు. వాసన పీల్చే మత్తుకు లోనై సహాయం అవసరమైన పిల్లలే 4.6 లక్షల మంది. ఇన్ని కోట్ల మంది ఏ ఒక్క మతానికో, కులానికో చెందినవారు కారు. కాబట్టి ఇది ముస్లిం మొహల్లాల జబ్బు అని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కరలేదు. అలాగని మన మొహల్లాలో ఈ జబ్బు లేదని మనల్ని మనం మభ్యపెట్టుకోనూ కూడదు.

మన కుర్రాళ్లు చేసే పనులు చూడండి. చిలకలపూడి రోల్డుగోల్డు పని, పెడన అద్దకాల పని, గుడివాడ మెకానిక్ షెడ్లు, వెల్డింగ్ దుకాణాలు, రాత్రంతా నడిచే లారీలు, దివిసీమ రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా, గిలకలదిండి రేవు పనులు. పదో తరగతి దాటకుండానే పనిలోకి దిగినవారు వీరిలో ఎందరో. నిద్ర ఆపుకోవడానికో, ఒళ్లు నొప్పులు మరిచిపోవడానికో, తోటివారి బలవంతం మీదనో మొదలైన అలవాటు ఇది. మొదటి రోజున వాడు తప్పు చేసి ఉండవచ్చు. ఏడాది గడిచేసరికి వాడు రోగి. తప్పుకూ రోగానికీ మధ్య ఈ తేడాను గుర్తించని ఇల్లు బిడ్డను పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్నట్టే.

మన ఇళ్లలో ఈ రోగాన్ని ఎందుకు దాస్తామో మనకు తెలియనిది కాదు. ఇంట్లో పెళ్లికెదిగిన ఆడపిల్ల ఉంటుంది, ఈ మాట బయటికి పొక్కితే సంబంధం తప్పిపోతుందని భయం. ఆసుపత్రికి తీసుకువెళ్తే పోలీసులు వస్తారని భయం. పట్టుబడినవాడి పేరును బట్టి జాతి మొత్తానికి ముద్ర వేసే పత్రికలు, ఫోను సందేశాలు ఉన్న కాలంలో ఈ భయం ఆధారం లేనిదని మేము అనము. కానీ దాచినంత మాత్రాన రోగం ఆగదు. గది తలుపు మూసిన తరువాత లోపల ఏమి జరుగుతుందో తెలుసుకుంటే, తలుపు తీయడమే మేలని అర్థమవుతుంది.

ముందుగా గంజాయి సంగతి. అది ఆకేగదా, దానితో ఎవరూ చావరు అనే మాట వాడేవారి నోట తరచు వింటాం. గంజాయి గుండె వేగాన్ని పెంచుతుంది, గుండె జబ్బు ఉన్నవారికి అది ప్రమాదం. చిన్న వయసులో మొదలుపెట్టి ఎక్కువగా వాడేవారిలో కొందరికి మతి చలిస్తుంది. ఎవరో తనను వెంటాడుతున్నారని అనుమానం, లేని మాటలు చెవిలో వినిపించడం, రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, తనలో తాను మాట్లాడుకోవడం, కన్నతల్లి వండిన అన్నంలోనే విషం కలిపారనడం దాని లక్షణాలు. ఇటువంటప్పుడు చాలా కుటుంబాలు జిన్ను పట్టిందనో, నజర్ తగిలిందనో భావించి తావీజుల కోసం తిరుగుతాయి. దువా చేయించడాన్ని మేము ఆక్షేపించడం లేదు. దువాతో పాటు మానసిక వైద్యుని దగ్గరికి కూడా తీసుకువెళ్లండి అంటున్నాం. మొదటి వారాలలోనే చికిత్స మొదలైతే కోలుకునే అవకాశం ఎక్కువ. నెలల తరబడి తిప్పి చివరికి గొలుసు వేసి కట్టేసిన తరువాత వైద్యుని దగ్గరికి వెళ్తే, ఆయన పని మరింత కష్టమవుతుంది.

గంజాయితో వచ్చే మరో బాధను గ్యాస్ట్రిక్ అనుకుని పొరబడేవారు ఎక్కువ. ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి ఉన్నట్టుండి విడవకుండా వాంతులు పట్టుకుంటాయి. కడుపునొప్పితో మెలికలు తిరుగుతారు. వేడినీళ్లు పోసుకుంటే కొంత ఉపశమనం కలుగుతుంది, అందుకే పదేపదే స్నానాల గదిలోకి వెళుతుంటారు. ఆ గుర్తును పట్టుకోగలిగితే ఎండోస్కోపీలకు, స్కానింగులకు వేలు ఖర్చయ్యే పని ఉండదు. గంజాయి మానడమే దీనికి అసలు మందు. వాంతులు ఆగకపోతే ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు గనుక, ఆసుపత్రిలో సెలైన్ పెట్టించడం అవసరం.

రెండవది, అన్నిటికన్నా త్వరగా ప్రాణం తీసేది, నొప్పి మాత్రలు, హెరాయిన్ వంటి నల్లమందు జాతి మత్తు. ట్రమడాల్ అనే నొప్పి మాత్రను 2018 ఏప్రిల్‌లో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చారు. మోతాదు మించితే దానితో ఫిట్స్ వస్తాయి. ఈ జాతి మత్తు హద్దు దాటితే మెదడు ఊపిరి తీసుకోవడమే మరచిపోతుంది. మూడు గుర్తులు జ్ఞాపకం పెట్టుకోండి. ఎంత తట్టి పిలిచినా లేవడు. ఊపిరి బాగా నెమ్మదిస్తుంది, నిమిషానికి పదిసార్లయినా తీసుకోడు. కంటిపాప సూదిమొనంత చిన్నదవుతుంది. పెదవులు, గోళ్లు నీలంగా మారవచ్చు. గొంతులో గురగురమనే శబ్దం రావచ్చు. ఆ శబ్దాన్ని గురక అనుకుని, చాలా రోజులకు బిడ్డ హాయిగా నిద్రపోయాడని తల్లి దుప్పటి కప్పి వెళ్లిపోతే, తెల్లవారేసరికి ఆ శ్వాస ఉండకపోవచ్చు.

అటువంటి వేళ చేయవలసింది కొంచెమే, చేయకూడనివి మాత్రం చాలా. వెంటనే 108కి ఫోను చేయాలి. మనిషిని ఎడమ పక్కకు తిప్పి, పైకాలు మోకాలి దగ్గర మడిచి, తల కొద్దిగా వెనక్కి వంచి పడుకోబెట్టాలి. వాంతి అయినా అది ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఇలా చేస్తే ఆగుతుంది. ఊపిరి అసలే ఆడకపోతే 108 సిబ్బంది ఫోనులో చెప్పినట్టు చేయాలి. మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్లు, కాఫీ ఏవీ నోట పోయరాదు. స్పృహ లేనివాడి నోట పోసిన మజ్జిగ కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చన్నీళ్లు కుమ్మరించడం, చెంపలు వాయించడం, నడిపించడం వంటివి కాలాన్ని వృథా చేస్తాయి. ఒంటరిగా వదలకూడదు. ఈ మత్తుకు నాలోక్సోన్ అనే విరుగుడు ఇంజెక్షన్ ఉంది. అది ఇచ్చిన కొద్ది నిమిషాల్లో మనిషి లేచి కూర్చోవచ్చు. లేచాడుగదా అని ఇంటికి తీసుకుపోరాదు. గంటో, గంటన్నరో గడిచేసరికి విరుగుడు బలం తగ్గుతుంది, మత్తు మళ్లీ కమ్మవచ్చు. వైద్యుడు పంపేదాకా అక్కడే ఉంచాలి.

మన సమాజంలో ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి ఉంది. రంజాన్ మాసం వచ్చిందంటే ఎంతటి వ్యసనపరుడైనా కొంత తగ్గించుకుంటాడు, కొందరు పూర్తిగా మానేస్తారు. ఆ సంకల్పానికి అల్లాహ్ ప్రతిఫలం ఇచ్చుగాక. అయితే నెల రోజులు మానిన శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. పండుగ రాత్రి స్నేహితుల మధ్య పాత లెక్క ప్రకారమే మాత్రలో, సూదో తీసుకున్నవాడు ఆ ఒక్కసారితోనే పోవచ్చు. జైలు నుంచి విడుదలైనవారికి, చికిత్సా కేంద్రం నుంచి ఇంటికి వచ్చినవారికి మొదటి వారాల్లో ఇదే ప్రమాదం పొంచి ఉంటుంది. నెలవంక కనిపించిన రాత్రి ఆ బిడ్డను ఒంటరిగా వదలకండి. మానిన వ్యసనం మానినట్టే నిలవడానికి చికిత్స మొదలుపెట్టడానికి రంజాన్‌ను మించిన సమయం లేదు.

గదిలో పెట్టి తాళం వేస్తే నాలుగు రోజుల్లో అదే దిగుతుందని కొందరు పెద్దలు అంటారు. నల్లమందు జాతి మత్తు ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు నొప్పులు, విరేచనాలు, వణుకు వస్తాయి, నరకయాతనగా ఉంటుంది. కానీ మద్యం, ఆల్ప్రజోలం వంటి నిద్రమాత్రలు ఏళ్ల తరబడి వాడినవాడు ఉన్నట్టుండి మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, తికమకతో మనుషులను గుర్తుపట్టలేకపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. తెలంగాణ జిల్లాల్లో ఆల్ప్రజోలం కలిపిన కల్లుకు అలవాటుపడినవారు, అది దొరకనప్పుడు ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆసుపత్రుల పాలైన సంగతి పత్రికల్లో చదివాం. కాబట్టి మాన్పించడం వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి. తాళం వేసిన గది వైద్యశాల కాదు.

సూది వాడేవారి ఇళ్లలో మరికొన్ని గుర్తులు ఉంటాయి. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా, మోచేతి మడతలో గాట్లు, చీము పట్టిన గడ్డలు, కాలి వాపు. వారాల తరబడి విడవని జ్వరం, ఆయాసం ఉంటే గుండె కవాటాలకు చీముపట్టే జబ్బు కావచ్చు. దానిని టైఫాయిడ్ అనుకుని మాత్రలతో సరిపెట్టడం ప్రాణాంతకం. ఒకే సూదిని పంచుకుంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి సోకుతాయి. పెళ్లయినవాడైతే ఏమీ ఎరుగని భార్యకు కూడా ముప్పు తప్పదు. హెచ్‌ఐవీ పరీక్ష ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో ఉచితం, వివరాలు రహస్యంగా ఉంచుతారు. 2018 జులై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద హెపటైటిస్ సికి మందులు ఉచితంగా ఇస్తున్నారు. ఎక్కువమందికి సుమారు మూడు నెలల మాత్రలతో అది నయమవుతుంది.

చిన్నపిల్లల సంగతి మరీ దయనీయం. వైట్‌నర్, సొల్యూషన్ గుడ్డలో పోసి పీల్చే పిల్లల ముక్కు చుట్టూ ఎర్రని మచ్చలు, బట్టలకు రసాయనం వాసన, తడబడే మాట ఉంటాయి. అలా పీల్చిన క్షణంలో పిల్లవాడిని పట్టుకోబోయి తరిమితే, భయంతో పరిగెత్తి గుండె ఆగి అక్కడికక్కడే కూలిపోవచ్చు. కేకలు వేయకుండా, మెల్లగా దగ్గరికి తీసుకుని, గాలి తగిలే చోట కూర్చోబెట్టాలి. మందలింపు మరునాటికి దాచుకోవచ్చు.

ఇక ఆసుపత్రికి వెళ్లిన తరువాతి మాట. వైద్యునికి నిజం చెప్పండి. ఏమి తీసుకున్నాడు, ఎంత, ఎప్పుడు, ఎన్నాళ్లుగా అన్న నాలుగు ప్రశ్నలకు సరైన జవాబే సగం వైద్యం. ఏదో తిన్నది పడలేదు, ఎండదెబ్బ తగిలింది అని అబద్ధమాడితే విరుగుడు ఇవ్వవలసిన సమయం పరీక్షలలో గడిచిపోతుంది. జేబులో దొరికిన మాత్రల అట్ట, సీసా ఏదైనా ఉంటే వెంట తీసుకెళ్లండి. కొన్ని కేసులను ఆసుపత్రివారు మెడికో లీగల్ కేసుగా నమోదు చేయవచ్చు. అది ఆసుపత్రి విధి, అరెస్టు కాదు.

చట్టం కూడా మనం భయపడుతున్నంత నిర్దయగా లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 27వ సెక్షన్ ప్రకారం మత్తు వాడకం నేరమే. మత్తు రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ ఉంటాయి. అదే చట్టంలోని 64ఎ సెక్షన్ వ్యసనపరునికి ఒక రక్షణ ఇచ్చింది. వాడకం నేరం గానీ, స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరం గానీ మోపబడినవాడు తనంతట తానుగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థలో చికిత్స కోరి, దానిని పూర్తి చేస్తే ఆ నేరానికి ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. అందుకే ఓపీ చీటీ మొదలుకొని డిశ్చార్జి పత్రం వరకు ప్రతి కాగితాన్నీ ఒక ఫైలులో భద్రపరచండి. నేరం రుజువైన వ్యసనపరుని సైతం జైలుకు బదులు చికిత్సకు పంపే అధికారం 39వ సెక్షన్ కింద న్యాయస్థానానికి ఉంది.

ఈ రక్షణ అమ్మేవారికి, మోసేవారికి లేదు. గంజాయి విషయంలో ఒక కిలో వరకు స్వల్ప పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణంతో దొరికితే కనీస శిక్షే పదేళ్లు, బెయిలు దుర్లభం. ఒక సంచి అందించి రా, వెయ్యి రూపాయలిస్తాం అని మన నిరుపేద కుర్రాళ్లకు ఆశ చూపేవారు ఈ సంగతి చెప్పరు. మైనర్ల చేత మత్తు సరుకు మోయించినా, అమ్మించినా 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ల వరకు కఠిన శిక్ష ఉంది. అటువంటివారి సమాచారాన్ని ఈగల్ విభాగపు 1972 నంబరుకు తెలియజేయడం మొహల్లా పెద్దల కర్తవ్యం.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా రోగంగానే నిర్వచించింది. ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స పొందడం ఆ చట్టం ఇచ్చిన హక్కు. రోగి వివరాలను గోప్యంగా ఉంచడం ఆసుపత్రి బాధ్యత. రోగిని గొలుసులతో బంధించడం నిషిద్ధం. డీ అడిక్షన్ సెంటర్ అని బోర్డు పెట్టుకుని కొట్టి మాన్పిస్తామనే చోట్లకు పిల్లలను పంపకండి. రిజిస్ట్రేషన్ పత్రం, వైద్యుని పేరు అడగండి. చూపకపోతే వెనక్కి రండి.

మత్తు నిషిద్ధమని దివ్య ఖుర్ఆన్ మాయిదా అధ్యాయం 90వ ఆయత్ చెబుతుందని మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అదే మాయిదా అధ్యాయంలో, 32వ ఆయత్‌లో, ఒక ప్రాణాన్ని నిలబెట్టడానికి ఉన్న విలువ ఏమిటో కూడా ఉంది. మొదటి ఆయత్ చదివి రెండవదాన్ని మరచినవారే బిడ్డను ఇంటినుంచి వెళ్లగొడతారు. మద్యం తాగి పదేపదే శిక్ష పొందిన ఒక వ్యక్తిని ఒకరు శపించబోతే దైవప్రవక్త ముహమ్మద్ (స) వారించారని సహీహ్ బుఖారీలో నమోదై ఉంది. ప్రవక్త వద్దన్న శాపనార్థాలు మనకెందుకు? తోటివాడి లోపాన్ని కప్పడం మన ధర్మమే. అయితే కప్పవలసింది వీధి నుంచి, వైద్యుని నుంచి కాదు.

ప్రభుత్వం బాధ్యత ప్రభుత్వానికి ఉంది. మచిలీపట్నం సర్వజన ఆసుపత్రికి 2023లో వైద్య కళాశాల తోడైంది. అక్కడ వ్యసన చికిత్సకు ప్రత్యేక పడకలు, నాలోక్సోన్ నిల్వలు ఎన్ని ఉన్నాయో జిల్లా యంత్రాంగం ప్రజలకు తెలియజేయాలి. గుడివాడ, అవనిగడ్డ ప్రభుత్వ ఆసుపత్రులలో వారానికి ఒక రోజైనా మానసిక వైద్యుని ఓపీ నడవాలి. నాగాయలంక, కోడూరు నుంచి రోజు కూలి వదులుకుని విజయవాడ దాకా రమ్మనడం రావద్దని చెప్పడమే. పోర్చుగల్ దేశం 2001 నుంచి వాడేవారిని నేరస్థులుగా కాక రోగులుగా చూసి చికిత్సకు మళ్లించింది. అక్కడ సూది వాడేవారిలో హెచ్‌ఐవీ బాగా తగ్గింది. మన చట్టంలోనూ ఆ దారి ఉంది, నడిపించే ఏర్పాటే కావాలి. ఈ వివరాలు కోరుతూ సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. నోటి మాట గాలికి పోతుంది, రసీదు ఉన్న అర్జీకి జవాబు చెప్పక తప్పదు.

మస్జిద్ కమిటీలకు మా విన్నపం మూడు మాటలు. ఊళ్లోని ఒక వైద్యుని పిలిపించి, స్త్రీలు కూడా వినేలా, స్పృహ తప్పినవారిని పక్కకు తిప్పి పడుకోబెట్టే పద్ధతి చేసి చూపించండి. తల్లిదండ్రులు వచ్చి చెప్పుకుంటే బయటికి పొక్కనివ్వని ఇద్దరు నమ్మకస్తులను, ఒక పురుషుని, ఒక స్త్రీని నియమించండి. చికిత్స పూర్తి చేసి వచ్చిన కుర్రవాడికి మొదటి సఫ్‌లో చోటు ఇవ్వండి, మొహల్లాలో ఒక పని చూపించండి. పని లేనివాడు పాత స్నేహితుల దగ్గరికే పోతాడు.

ప్రాణాపాయానికి 108. వ్యసన సలహాకు జాతీయ సహాయ సంఖ్య 14446. మనోవ్యాధి, ఆత్మహత్య ఆలోచనల విషయంలో టెలీ మానస్ 14416. ఈ మూడు నంబర్లూ మస్జిద్ నోటీసు బోర్డు మీద నమాజు వేళల పక్కన రాయించండి. ఇంట్లో తల్లికి, అక్కచెల్లెళ్లకు కంఠస్థం చేయించండి. ఆ రాత్రి ఇంట్లో మెలకువగా ఉండేది ఎక్కువగా వారే.